నాన్న 47 ఏళ్లకే పోయారు, నా ఎల్‌డీఎల్ 236: జీన్ టెస్టు చేయించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో పది రోజులు నైట్ షిఫ్టు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. సిగరెట్, మందు అలవాట్లు లేవు. బీపీ, షుగరు లేవు. మార్చిలో ఆఫీసు హెల్త్ చెకప్‌లో టోటల్ కొలెస్ట్రాల్ 306, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 44, ట్రైగ్లిజరైడ్స్ 130, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 236 వచ్చాయి. టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) నార్మల్. నూనె సగానికి తగ్గించి, గుడ్లు, మాంసం మానేసి, రోజూ 45 నిమిషాలు నడిచాను. జూన్‌లో మళ్లీ చేయిస్తే ఎల్‌డీఎల్ 218. మా నాన్న 47వ ఏట గుండెపోటుతో పోయారు. అమ్మకు 62, ఆమె ఎల్‌డీఎల్ 118. అక్కను మేనత్త కొడుక్కే ఇచ్చారు, వాళ్లకు 12, 9 ఏళ్ల పిల్లలు. తమ్ముడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. నాకు ఏడేళ్ల పాప. డాక్టరు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) వాడమన్నారు. జీవితాంతం మాత్ర అంటే భయంగా ఉంది. మా ఆఫీసులో ఉమ్మితో చేసే జెనెటిక్ టెస్టు తక్కువ ధరకు ఇస్తున్నారు. అది చేయించుకుని, జీన్స్‌లో ఉందని తేలితేనే మందు మొదలుపెడదామనుకుంటున్నాను. ఈ ఆలోచన సరైనదేనా?

— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: సరైనది కాదు. ముందు చేయాల్సింది మీరు వెనక్కి నెడుతున్నారు. మందు మొదలుపెట్టడానికి జీన్ రిపోర్టు అక్కర్లేదు. 190 దాటిన ఎల్‌డీఎల్, 47 ఏళ్లకే పోయిన తండ్రి, ఈ రెండూ కలిస్తే చాలు. జీన్ టెస్టుతో మీకంటే మీ అక్కకు, తమ్ముడికి, పిల్లలకే ఎక్కువ పని. అది కూడా ఆఫీసులో అమ్ముతున్న ఉమ్మి టెస్టు కాదు.

ముందు మీ అంకెల సంగతి. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, లెక్కగడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్స్‌లో అయిదో వంతును తీసేస్తారు. మీ రిపోర్టులో 306లోంచి 44, 26 పోతే 236. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదు. మీవి 130 కాబట్టి అంకెను నమ్మొచ్చు. రెండు పరీక్షల్లోనూ 200 పైనే ఉంది కాబట్టి ల్యాబ్ పొరపాటు అనుకోవడానికీ వీల్లేదు.

మూడు నెలల కష్టానికి తగ్గింది 18. అంటే ఎనిమిది శాతం లోపే. మీరు సరిగ్గా చేయలేదని కాదు. తిండి మార్పుతో ఎల్‌డీఎల్ గట్టిగా తగ్గితే 10 నుంచి 15 శాతం తగ్గుతుంది. 150 ఉన్నవాళ్లకు అది బాగానే అక్కరకొస్తుంది. 236 ఉన్నవాళ్లకు 15 శాతం తగ్గినా 200 దగ్గరే ఆగుతుంది. సన్నగా ఉండటం కూడా ఈ విషయంలో పెద్దగా కాపాడదు. బరువు ఎక్కువగా ట్రైగ్లిజరైడ్స్‌నీ హెచ్‌డీఎల్‌నీ కదుపుతుంది. ఎల్‌డీఎల్ 190 పైన నిలబడిపోయిందంటే, రక్తంలోంచి దాన్ని లాగేసే పనిలో ఎక్కడో లోపం ఉందని అనుమానించాలి.

లాగేసేది కాలేయం. కాలేయ కణాల పైన ఎల్‌డీఎల్ రిసెప్టర్లు అనే కొక్కేలు ఉంటాయి. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రేణువు కొక్కేనికి తగులుకుంటుంది, కణం దాన్ని లోపలికి లాక్కుంటుంది, కొక్కెం మళ్లీ పైకొస్తుంది. డాలస్‌లో మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970ల్లో దీన్ని కనిపెట్టారు, 1985లో నోబెల్ అందుకున్నారు. కొక్కేన్ని తయారుచేసే జీన్ పేరు ఎల్‌డీఎల్‌ఆర్. ప్రతి జీన్‌కూ మనలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. అందులో ఒకటి పాడైతే పనిచేసే కొక్కేలు దాదాపు సగమే ఉంటాయి. పుట్టిన రోజు నుంచే ఎల్‌డీఎల్ రక్తంలో పేరుకుంటూ వస్తుంది. దీన్నే ఫెమీలియల్ హైపర్ కొలెస్ట్రాలీమియా అంటారు, కుటుంబంలో దిగే అధిక కొలెస్ట్రాల్. ఇకపై ఎఫ్‌హెచ్ అందాం. ప్రపంచమంతటా సుమారు 250 నుంచి 300 మందికి ఒకరిలో ఉంటుంది. ఎల్‌డీఎల్‌ఆర్ కాకపోతే ఎల్‌డీఎల్ రేణువు కొక్కేనికి తగులుకునే భాగాన్ని తయారుచేసే ఏపీఓబీ జీన్‌లో లోపం ఉండొచ్చు. లేదా కొక్కేలను తిరిగి పైకి రానివ్వకుండా నాశనం చేసే పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ అతిగా పనిచేస్తూ ఉండొచ్చు.

పీసీఎస్‌కే9 సంగతి ఇంకొక మాట చెప్పించుకుంటుంది. ఆ జీన్ అతిగా పనిచేసే కుటుంబాలు 2003లో ఫ్రాన్స్‌లో బయటపడ్డాయి. ఆ తర్వాత రెండు మూడేళ్లకే అమెరికాలో దీనికి సరిగ్గా వ్యతిరేకం కనిపించింది. ఆ జీన్ పనిచేయని నల్లజాతి వాళ్లలో పుట్టుక నుంచే ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువ, గుండెజబ్బు 88 శాతం తక్కువ. పెద్దయ్యాక మందుతో ఎల్‌డీఎల్‌ను అంతే తగ్గించినా అంత లాభం రాదు. ఎల్‌డీఎల్ ఎంత ఉందన్నదే కాదు, ఎన్నేళ్లుగా ఉందన్నదీ లెక్కే. మీ రక్తనాళాలు 36 ఏళ్లుగా దీన్ని మోస్తున్నాయి. కాబట్టి ఇంకో ఆరు నెలలు చూద్దామనే బేరం మీకు నప్పదు.

అయితే ఎల్‌డీఎల్ ఇంత ఉన్న ప్రతివాళ్లకూ ఒకే జీన్ పెద్ద లోపం ఉండదు. చాలామందిలో పదుల కొద్దీ జీన్లలో చిన్న చిన్న తేడాలు, ఒక్కొక్కటి ఎల్‌డీఎల్‌ను కొద్దికొద్దిగా పెంచేవి, ఒకేవైపు పోగుపడతాయి. ఏపీఓఈ జీన్‌లో ఈ4 రకం ఉంటే కొంత పెరుగుతుంది, ఈ2 ఉంటే కొంత తగ్గుతుంది, అలాంటివన్నమాట. ఒకే జీన్ లోపమైతే ఒక్కో బిడ్డకు వెళ్లే అవకాశం సగం. ఇలా పోగుపడితే మాత్రం పిల్లలకు ముక్కలుగానే వెళ్తుంది, సగం అని కచ్చితంగా చెప్పలేం. ప్రమాదంలోనూ తేడా ఉంది. 2016లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో, ఎల్‌డీఎల్ 130 లోపు ఉండి జీన్ లోపం లేనివాళ్లతో పోలిస్తే, 190 దాటి జీన్ లోపం లేనివాళ్లకు గుండెజబ్బు ఆరు రెట్లు, 190 దాటి జీన్ లోపం కూడా ఉన్నవాళ్లకు 22 రెట్లు కనిపించింది. ఇందులో ఆరు రెట్ల అంకెను కూడా చూడండి. జీన్స్‌లో లేదని తేలినా మీరు మందు వాడాల్సిందేనని చెప్పేది అదే.

జీన్స్ మీదికి తోసేముందు కొట్టేయాల్సిన కారణాలు కొన్ని ఉన్నాయి. టీఎస్‌హెచ్ చేయించండి. థైరాయిడ్ బాగా తగ్గినవాళ్లలో ఎల్‌డీఎల్ బాగా పెరగొచ్చు, థైరాయిడ్ మాత్రతోనే అది దిగుతుంది కూడా. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ (ఈ రెండూ కిడ్నీకి), ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఈ మూడూ కాలేయానికి), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) కూడా. మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోయే కిడ్నీ జబ్బులోనూ, పిత్తం పారకుండా అడ్డుపడినప్పుడూ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ గానీ, దేనికైనా స్టెరాయిడ్లు గానీ వాడుతుంటే చెప్పండి. ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకంగా అడగాల్సి వస్తోంది: అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నెయ్యి, వెన్న మీద నడిచే డైట్ ఏదైనా మార్చికి ముందు చేశారా? ముఖ్యంగా సన్నగా ఉన్నవాళ్లు ఆ డైట్‌లో ఉంటే ఎల్‌డీఎల్ 200, ఒక్కోసారి 300 కూడా దాటుతుంది, అచ్చం ఎఫ్‌హెచ్‌లా కనిపిస్తుంది. చేసి ఉంటే ఆపి, నాలుగు నుంచి ఆరు వారాలు మామూలు భోజనం చేసి మళ్లీ పరీక్షించాలి. మీ జూన్ రిపోర్టు తిండి తగ్గించాక కూడా 218 చూపిస్తోంది కాబట్టి ఆ అవకాశం తక్కువే. పెద్ద జ్వరం, ఆపరేషన్ తర్వాత మాత్రం ఎల్‌డీఎల్ తాత్కాలికంగా దిగుతుంది. ఆ రోజుల్లో చేసిన పరీక్ష చూసి నార్మల్ అయిపోయిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు.

తర్వాత మీ ఒంటి మీద వెతకాల్సిన గుర్తులు. పిక్క నుంచి మడమకు దిగే గట్టి స్నాయువును, మడమకు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన, బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టుకుని చూడండి. లావుగా, ఎగుడుదిగుడుగా, గడ్డలు కట్టినట్టు ఉంటే కొలెస్ట్రాల్ అక్కడ చేరినట్టు. పిడికిలి బిగించినప్పుడు వేళ్ల కణుపుల మీద స్నాయువుతో పాటు కదిలే గట్టి బుడిపెలు కూడా అంతే. అద్దం ముందు నిలబడి నల్లగుడ్డు అంచున బూడిదరంగు వలయం ఉందేమో చూడండి. 45 ఏళ్ల లోపు ఉంటే దానికి విలువ ఉంది, అరవైల్లో వస్తే పెద్దగా లేదు. కనురెప్పల మీద పసుపు మచ్చలు మాత్రం కొలెస్ట్రాల్ మామూలుగా ఉన్నవాళ్లకూ వస్తాయి, వాటిని లెక్కలో వేయరు. ఏమీ కనిపించకపోయినా ఎఫ్‌హెచ్ లేదని కాదు. మీ వయసులో చాలామందికి ఏ గుర్తూ ఉండదు.

వీటన్నిటినీ డాక్టర్లు డచ్ లిపిడ్ క్లినిక్ స్కోరుతో కూడతారు. మందు వాడకముందు ఎల్‌డీఎల్ 190 నుంచి 249 మధ్య ఉంటే 3 మార్కులు. తండ్రికి 55 లోపు గుండెజబ్బు వచ్చినందుకు 1. ఇప్పటికి మీకు 4. మూడు నుంచి అయిదు వరకు ‘ఉండొచ్చు’ అని, ఆరు నుంచి ఎనిమిది ‘దాదాపు ఉంది’ అని, ఎనిమిది దాటితే ‘ఖాయం’ అని అర్థం. నల్లగుడ్డు వలయం ఉంటే 4 కలిసి 8 అవుతుంది. మడమ స్నాయువులో గడ్డ ఉంటే 6 కలిసి 10, అంటే ఖాయం, జీన్ టెస్టు లేకుండానే. మీ పాపకు వయసుకు మించిన ఎల్‌డీఎల్ ఉందని తేలితే కుటుంబ చరిత్ర మార్కు 1 నుంచి 2 అవుతుంది. ఒక్కో విభాగంలో పెద్ద మార్కు ఒక్కటే తీసుకుంటారు, అన్నీ కూడరు. మందు మొదలుపెట్టాక వచ్చే అంకెతో ఈ స్కోరు వేయకూడదు. అందుకని మార్చి, జూన్ రిపోర్టులు రెండూ ఫోన్‌లో ఫొటో తీసి, కాగితం కూడా దాచండి. పదేళ్ల తర్వాత ఎవరో కొత్త డాక్టరు మీ ఎల్‌డీఎల్ 85 చూసి ‘మాత్ర ఎందుకు, ఆపేద్దాం’ అంటే చూపించడానికి ఆ కాగితమే ఉండాలి.

ఇప్పుడు టెస్టు. ఆఫీసు ప్యాకేజీలో వచ్చే ఉమ్మి టెస్టులు ఎక్కువగా జీనోమ్‌లో ముందే ఎంచుకున్న కొన్ని చోట్ల ఒక్కో అక్షరాన్ని చూస్తాయి. జుట్టు రాలుతుందా, కాఫీ పడుతుందా అని చెప్పే పద్ధతీ అదే. ఎల్‌డీఎల్‌ఆర్‌లో ఎఫ్‌హెచ్ తెచ్చే మార్పులు వేలల్లో ఉన్నాయి. వాటిని పట్టాలంటే ఆ జీన్ మొత్తాన్ని చదవాలి. అందుకే ఆ రిపోర్టులో ‘కొలెస్ట్రాల్ రిస్క్ సాధారణం’ అని వస్తే మీరు నిశ్చింతగా పడుకుంటారు, జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. మీకు కావాల్సింది ఊదారంగు మూత గొట్టంలో తీసిన రక్తంతో చేసే ఎఫ్‌హెచ్ ప్యానెల్. అందులో ఎల్‌డీఎల్‌ఆర్, ఏపీఓబీ, పీసీఎస్‌కే9, కొక్కేన్ని కణం లోపలికి లాగడానికి తోడ్పడే ఎల్‌డీఎల్‌ఆర్‌ఏపీ1 జీన్, నాలుగూ ఉండాలి. ఎల్‌డీఎల్‌ఆర్‌లో పెద్ద ముక్కలు ఎగిరిపోవడం, రెట్టింపు కావడం కూడా చూస్తారా అని ముందే అడగండి. మామూలు సీక్వెన్సింగ్ (జీన్‌ను అక్షరం అక్షరంగా చదవడం) ఒక్కటే చేస్తే అవి జారిపోవచ్చు. హైదరాబాద్‌లో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, ఉప్పల్‌లో డీఎన్‌ఏ పరీక్షల కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. టెస్టుకు ముందు, తర్వాత జెనెటిక్ కౌన్సెలింగ్ ఇచ్చే చోటే చేయించండి.

రిపోర్టు మూడు రకాలుగా రావచ్చు. జబ్బు తెచ్చే మార్పు దొరికితే రోగ నిర్ధారణ అయిపోయినట్టే, కుటుంబంలో మిగతావాళ్లకు ఆ ఒక్క మార్పు కోసమే చవకగా వెతకొచ్చు. ఏమీ దొరకకపోవచ్చు. మీలా స్కోరు 3 నుంచి 5 మధ్య ఉన్నవాళ్లలో మార్పు దొరికేది 21 నుంచి 44 శాతం మందికే, ఖాయం అన్నవాళ్లలో కూడా 60 నుంచి 80 శాతమే. మూడోది అందరినీ తికమక పెట్టేది, ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’. భారతీయుల జీన్ సమాచారం ప్రపంచ డేటాబేస్‌లలో తక్కువ కాబట్టి మనవాళ్లకు ఈ మాట ఎక్కువసార్లు వస్తుంది. దీన్ని ఉన్నట్టుగానూ లేనట్టుగానూ లెక్కించకూడదు, దాని ఆధారంగా పిల్లల్ని పరీక్షించకూడదు. ఒకటి రెండేళ్లకోసారి ఆ మార్పును తిరిగి చూడమని ల్యాబ్‌ను అడగాలి.

టెస్టుకు అయ్యే వేల రూపాయలు ఇప్పుడు చేతిలో లేకపోతే, ముందు కుటుంబమంతటికీ లిపిడ్ ప్రొఫైల్ (మీకు మార్చిలో చేసిన కొలెస్ట్రాల్ పరీక్షే) చేయించండి. కొన్ని వందలతో అయిపోతుంది, ఎక్కువ చెబుతుంది.

ఇక్కడ నిదానించాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో మమ్మల్ని అన్నిటికంటే కలవరపెట్టింది మీ కొలెస్ట్రాల్ కాదు, మీ అక్క సంబంధం. అమ్మ ఎల్‌డీఎల్ 118 కాబట్టి లోపం ఉంటే నాన్న వైపు నుంచే వచ్చి ఉంటుంది. నాన్నకు అది తన తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చిందనుకుంటే, మేనత్తకు ఉండే అవకాశం సగం, ఆమె కొడుకైన మీ బావకు నాలుగో వంతు. మీ అక్కకు సగం. ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. ఇద్దరికీ ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రెండు ప్రతులూ పాడైనవే వచ్చే అవకాశం నాలుగో వంతు. అన్నీ కలిపితే ఒక్కో బిడ్డకు 32లో ఒకటి. బయటి సంబంధమైతే బావకు ఉండే అవకాశం 250లో ఒకటి దగ్గర ఉండేది. మేనరికంలో అది నాలుగులో ఒకటి అయింది.

రెండు ప్రతులూ పాడైన పిల్లల్లో ఎల్‌డీఎల్ సాధారణంగా 400 పైన ఉంటుంది. మోచేతులు, మోకాళ్లు, పిరుదులు, వేళ్ల మధ్య పసుపుపచ్చని, నారింజరంగు బుడిపెలు చిన్నప్పుడే వస్తాయి. పులిపిర్లని చర్మం డాక్టరు దగ్గర కాల్పించుకుని తిరిగేవాళ్లుంటారు. చికిత్స లేకపోతే పదుల వయసులోనే గుండెపోటు రావచ్చు, బృహద్ధమని కవాటం బిగుసుకుపోవచ్చు. మీ అక్క పిల్లలిద్దరికీ అలాంటివి ఏమీ లేకపోయినా సరే, అక్క, బావ, పిల్లలు నలుగురికీ ఈ నెలలోనే లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. పరగడుపు అవసరం లేదు. పిల్లల్లో ఎవరికైనా 400 దాటితే జీన్ రిపోర్టు కోసం ఆగకుండా పిల్లల గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఎకో చేయాలి, మందులు వెంటనే మొదలవుతాయి, కొందరికి రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ను యంత్రంతో వడగట్టాల్సి వస్తుంది. మీ ఇళ్లలో మేనరికం ఆనవాయితీ అయితే, పెళ్లి మాటలకు ముందు ఇద్దరి లిపిడ్ ప్రొఫైల్ చూసుకోమని చెప్పడం ఎవరినీ అవమానించడం కాదు.

మీ పాపకు ఇప్పుడే చేయించొచ్చు. మీ ఇంట్లో ఉన్నట్టు చిన్న వయసు గుండెపోటు చరిత్ర ఉన్నప్పుడు పిల్లల్లో 160 దాటిన ఎల్‌డీఎల్ ఎఫ్‌హెచ్ వైపు చూపిస్తుంది. జీన్ మార్పు మీలో దొరికితే ఆ హద్దు 130కి దిగుతుంది. ఒకసారి ఎక్కువ వస్తే కొన్ని వారాలాగి రెండోసారి చూడాలి. ఎఫ్‌హెచ్ తేలిన పిల్లలకు తిండి ఇప్పటి నుంచీ, స్టాటిన్ సాధారణంగా ఎనిమిది, పదేళ్ల మధ్య మొదలుపెడతారు. అది పిల్లల డాక్టరు చేయాల్సిన పని, మీ మాత్రలో సగం విరిచి ఇచ్చేది కాదు.

తమ్ముడి రిపోర్టు ఆస్ట్రేలియాలో మిల్లీమోల్స్‌లో వస్తుంది. కొలెస్ట్రాల్ అంకెను 38.67తో గుణిస్తే మన అంకె (డెసిలీటరుకు మిల్లీగ్రాములు) వస్తుంది. అక్కడి 4.9 అంటే మన 190. ‘నాది అయిదే’ అని ఫోన్‌లో చెబితే మురిసిపోకండి. మేనత్తకు, పెదనాన్న, బాబాయిలుంటే వాళ్ల పిల్లలకు కూడా చెప్పండి. చనిపోయినవాళ్ల గురించి అడిగేటప్పుడు ‘గుండెజబ్బు ఉండేదా’ అనకండి, లేదంటారు. ‘ఏ వయసులో పోయారు, ఆ రోజు ఏమైంది’ అని అడగండి. ‘గ్యాస్ నొప్పి అన్నాడు, తెల్లారేసరికి లేడు’ అనే జవాబు నలభైల్లో పోయిన మనిషి గురించి వస్తే, అది చాలావరకు గుండెపోటే.

మందు. స్టాటిన్ కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ తయారుచేసుకోవడాన్ని తగ్గిస్తుంది. లోపల కొరత పడిన కణం బాగున్న జీన్‌తో కొక్కేలను ఎక్కువగా తయారుచేసి పైకి పంపుతుంది. ఒక ప్రతి పాడైన ఎఫ్‌హెచ్‌లో ఇది బాగా పనిచేయడానికి కారణం అదే. అటోర్వాస్టాటిన్ 40 నుంచి 80 మిల్లీగ్రాములు గానీ, రోసువాస్టాటిన్ 20 గానీ ఎల్‌డీఎల్‌ను దాదాపు సగం తగ్గిస్తాయి. మన శరీరాల్లో రోసువాస్టాటిన్ రక్తస్థాయి తెల్లవాళ్ల కంటే ఎక్కువ ఉంటుంది. అందుకే అమెరికా లేబుల్ ఆసియా వాళ్లకు 5తో మొదలుపెట్టమంటుంది, యూరప్ లేబుల్ 40 వద్దంటుంది. మీ మోతాదు మీ డాక్టరు నిర్ణయిస్తారు. స్టాటిన్ మోతాదు రెట్టింపు చేసిన ప్రతిసారీ అదనంగా తగ్గేది ఆరు శాతమే. కాబట్టి ఒకే మందును గుంజుతూ పోవడం కంటే పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోకుండా ఆపే ఎజెటిమైబ్ 10 కలపడం తెలివైన పని. మీ లెక్క వేసి చూస్తే, 236లో సగం 118, ఎజెటిమైబ్‌తో ఇంకో అయిదో వంతు పోతే 94. భారత హృద్రోగ నిపుణుల సంఘం 2024 మార్గదర్శకాల ప్రకారం అధిక ప్రమాదం ఉన్నవాళ్లకు లక్ష్యం 70 లోపు. అక్కడికి రాకపోతే బెంపిడోయిక్ యాసిడ్ మాత్ర, పీసీఎస్‌కే9ను అడ్డుకునే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఇంక్లిసిరాన్ అయితే మొదటిది, మూడు నెలలకు రెండోది, తర్వాత ఆర్నెల్లకొకటి. ధర ఎక్కువ కాబట్టి ఇవి చివర్న వస్తాయి.

మొదలుపెట్టేముందు ఎస్‌జీపీటీ, సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) చూసుకోండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు లిపిడ్, ఎస్‌జీపీటీ మళ్లీ. ఎస్‌జీపీటీ గరిష్ఠ హద్దుకు మూడు రెట్లు దాటితేనే మందు ఆపే మాట వస్తుంది, కాస్త పెరగడానికి కాదు. రెండు తొడల్లో, రెండు భుజాల్లో కొత్తగా నొప్పి, నీరసం వస్తే సీకే చేయించాలి. మూత్రం కోలా రంగులోకి మారితే మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కానీ నొప్పులన్నీ మందువి కావు. 2020లో బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగంలో స్టాటిన్ పడదని మానేసినవాళ్లకే కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఇచ్చి చూస్తే, స్టాటిన్‌తో వచ్చిన బాధల్లో 90 శాతం ఉత్తి మాత్రతోనూ వచ్చాయి. ఎస్ఎల్‌సీఓ1బీ1 అనే జీన్‌లో ఒక మార్పు ఉన్నవాళ్లకు సిమ్వాస్టాటిన్‌తో కండరాల నొప్పి ఎక్కువన్నది నిజమే. మీకు ఇచ్చే మందు అది కాకపోతే ఆ టెస్టు కూడా అక్కర్లేదు. షుగరు వచ్చే అవకాశాన్ని స్టాటిన్ కొద్దిగా పెంచుతుంది, ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చూసుకుంటే సరిపోతుంది. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్, ఇట్రాకొనజోల్ రాసినప్పుడు స్టాటిన్ వాడుతున్నానని చెప్పండి. అక్కకు గానీ, రేపు పెద్దయ్యాక ఇంట్లో ఆడపిల్లలకు గానీ స్టాటిన్ రాస్తే, గర్భం ప్లాన్ చేసుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

నైట్ షిఫ్టుకు అటోర్వా, రోసువా రెండూ ఇబ్బంది పెట్టవు, ఏ పూటైనా ఒకటే. గడియారానికి కాకుండా, నిద్ర లేచి పళ్లు తోముకోవడానికి ముడిపెట్టండి, షిఫ్టు మారినా తప్పదు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఒక్కచోటే. మూడు నెలలకు రిపోర్టు నార్మల్ వస్తుంది, తగ్గిపోయింది కదా అని మానేస్తారు. కొన్ని వారాల్లో ఎల్‌డీఎల్ పాత చోటికే వస్తుంది. ‘జీవితాంతం మాత్ర’ అనే భయం సహజమే. మీ విషయంలో మాత్ర లేకపోతే జీవితాంతం ఉండేది 220, 230లో తిరిగే ఎల్‌డీఎల్.

టీఎంటీ నార్మల్ అని ధీమా వద్దు. రక్తనాళం బాగా, దాదాపు 70 శాతం మూసుకుపోతేనే టీఎంటీలో తేడా కనిపిస్తుంది. చాలా గుండెపోట్లు రక్తనాళం లోపలి గోడ మీద చేరిన అంతకంటే చిన్న కొవ్వు పూత పగలడంతో వస్తాయి. గుండె రక్తనాళాల్లో చేరిన సున్నాన్ని కొలిచే సీటీ కాల్షియం స్కోరు సున్నా వచ్చినా 40 లోపు వయసులో నమ్మడానికి లేదు, సున్నం చేరని మెత్తటి పూత అందులో కనిపించదు. డబ్బు పెట్టాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది, లైపోప్రొటీన్ ఏ, అంటే రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొవ్వు రేణువు. ఇది దాదాపు పూర్తిగా జీన్స్ మీదే ఆధారపడుతుంది, జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అదనం, తిండీ స్టాటినూ దాన్ని తగ్గించవు. అప్పుడు ఎల్‌డీఎల్‌ను ఇంకా కిందికి దించాలని డాక్టరు అంటారు. మీ నాన్న అంత చిన్న వయసులో పోవడానికి ఎఫ్‌హెచ్, ఇది రెండూ కలిసి ఉండవచ్చు కాబట్టి తప్పక అడగండి.

తిండి విషయంలో మీరు చేస్తున్నది కొనసాగించండి, కొంచెం సర్దుబాటుతో. గుడ్డు, చికెన్‌ను పూర్తిగా వెలివేయనక్కర్లేదు. తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వే ఎల్‌డీఎల్‌ను ఎక్కువ పెంచుతుంది. అంటే కొబ్బరినూనె, పామాయిల్, నెయ్యి, వెన్న, డాల్డా. ఆఫీసు క్యాంటీన్ పఫ్, బజ్జీ, బేకరీ బిస్కెట్ ఎక్కువగా పామాయిల్‌తోనో వనస్పతితోనో తయారవుతాయి. ఇంట్లో వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెల్లో ఏదైనా మనిషికి నెలకు ముప్పావు లీటరు లోపు. రోజుకు 7 నుంచి 10 గ్రాముల ఇసబ్‌గోల్ నీళ్లు ఎక్కువ తాగుతూ తీసుకుంటే ఇంకో అయిదారు శాతం తగ్గుతుంది. పప్పు, రాజ్మా, ఓట్స్ ఇవన్నీ ఆ వరసే. వెల్లుల్లి రెబ్బలు, మెంతినీళ్లు తీసుకుంటే నష్టం లేదు, స్టాటిన్‌కు బదులు మాత్రం కాదు. ‘రెడ్ ఈస్ట్ రైస్’ పేరుతో వచ్చే సహజ మందులో ఉన్నది లోవాస్టాటినే, ఎంత ఉందో తెలియకుండా. స్టాటిన్ భయంతో దాన్ని కొనడం విచిత్రం.

చివరగా ఇన్సూరెన్స్. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో సాధారణంగా ముందున్న జబ్బులూ కవర్ అవుతాయి. ఉద్యోగం మానేస్తే అది పోతుంది కాబట్టి సొంత పాలసీ తీసుకునే ఆలోచన ఉంటే, ప్రపోజల్ ఫారంలో అధిక కొలెస్ట్రాల్, వాడే మందు, నాన్న మరణ కారణం దాచకుండా రాయండి. ముందున్న జబ్బులకు ఆగాల్సిన కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లు. దాచిపెట్టి తర్వాత క్లెయిమ్‌లో దొరికిపోతే పాలసీయే పోవచ్చు. టర్మ్ పాలసీకి ప్రీమియం పెరగవచ్చు. మందుతో ఎల్‌డీఎల్ లక్ష్యానికి వచ్చిన రిపోర్టులు ఏడాదివి చేతిలో ఉంటే బేరమాడటానికి పనికొస్తాయి.